ముందు గుమ్మంలోంచి ఓ పరుగు

తెల్లవారుజామున అయిదున్నర. అంగ్‌కోర్‌వాట్ గోపురాలు ఇంకా చీకట్లోనే ఉన్నాయి. గుడి ముందు రోడ్డు మీద మాత్రం జాతరే. జపాన్ వాళ్లు, ఫ్రాన్స్ వాళ్లు, కాంబోడియా కుర్రాళ్లు... వేలమంది. ఆ గుంపులో హన్మకొండ నుంచి వచ్చిన 43 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకరు. ఛాతీ మీద నంబరు కాగితం, కడుపులో గుబులు.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్లు, పైన మరో 97.5 మీటర్లు. ఆ మాత్రం దానికి దేశం దాటాలా, హైదరాబాద్‌లో జరగట్లేదా అని ఇంటా బయటా అడిగారు. జవాబు ఆమె దగ్గర ఉంది. కానీ ఎవరికీ చెప్పలేదు.

డ్రమ్ము వెనక బూట్లు

షుగర్ ముదిరి ఆమె తండ్రికి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. 'నీకూ వచ్చే ప్రమాదముంది, ఒళ్లు కదిలించమ్మా' అని డాక్టరు ఆమెను హెచ్చరించాడు. భద్రకాళి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టింది. ఆర్నెల్లకు ఆ నడక పరుగైంది.

ఒక్కటే ఇబ్బంది. తండ్రి మంచం పట్టి ఉంటే ఆయన కళ్లముందు నుంచి బూట్లేసుకుని పరుగుకు వెళ్లడం తప్పు చేసినట్టుండేది. ఆయనకు కృత్రిమ కాలు పెట్టించారు కానీ, నొప్పి అంటూ నాలుగు రోజులకే దాన్ని మంచం కిందకి నెట్టేశాడు. అందుకే ఆమె పెరటి గుమ్మంలోంచి వెళ్లి, తిరిగొచ్చాక బూట్లు నీళ్ల డ్రమ్ము వెనక దాచేది. హైదరాబాద్‌లో పరుగు పూర్తిచేసినందుకు ఇచ్చిన పతకం కూడా బీరువాలో చీరల కిందే ఉండిపోయింది.

కాంబోడియా పరుగు గురించి తెలిసింది ఆ రోజుల్లోనే. దశాబ్దాల అంతర్యుద్ధం ఆ దేశం నేలనిండా మందుపాతరలు మిగిల్చింది. యుద్ధం ఆగినా అవి ఆగలేదు. పొలం దున్నే రైతు, పశువులు కాసే పిల్లాడు, కట్టెలకు వెళ్లిన తల్లి... ఒక్క అడుగు తప్పితే కాలు పోయేది. అలాంటివాళ్లకు కృత్రిమ కాళ్లు, చేతులు సమకూర్చాలన్న సంకల్పంతో 1996లో అంగ్‌కోర్‌వాట్ హాఫ్ మారథాన్ మొదలైంది. దానికి ముందు నిలిచినవారిలో జపాన్ క్రీడాకారిణి యూకో అరిమోరి ఒకరు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ మారథాన్‌లో రజతం, 1996 అట్లాంటాలో కాంస్యం గెలిచిన మనిషి. మందుపాతరలను నిషేధించే ఒప్పందం మరుసటి ఏడాది, 1997లో కుదిరింది.

నాలుగు నెలలు సాధన చేసింది. ఈ-వీసా వచ్చింది. ఇంట్లో మాత్రం 'గుడి చూడ్డానికి వెళ్తున్నా' అంది. తండ్రి నవ్వాడు.

'గుడి చూడనీకి బూట్లెందుకు బిడ్డా? నా కాలు పోయింది గానీ కండ్లు పోలే. డ్రమ్ము ఎన్క ఎన్నేండ్ల సంది చూస్తున్న! నా కాలు పోతే నువ్వు ఉరుకుడు బంద్ పెడ్తవా?'

బూట్లు సర్దుకోవడం మానేసి ఆమె చాలాసేపు ఆయన పక్కనే కూర్చుండిపోయింది.

టక్... టక్...

పరుగు మొదలైంది. రోడ్డుకు రెండువైపులా ఆకాశాన్నంటే చెట్లు. వాటి మధ్య పాత గుళ్లు. వేయిస్తంభాల గుడి దగ్గర పెరిగిన ఆమెకు ఆ రాళ్లు పరాయివనిపించలేదు. కాకతీయ రుద్రదేవుడు ఆ గుడి కట్టించింది 1163లో. రెండో సూర్యవర్మ విష్ణువు కోసం అంగ్‌కోర్‌వాట్ మొదలుపెట్టిందీ అదే శతాబ్దం తొలి సగంలోనే. 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ మరమ్మతులు చేశారు కూడా.

డిసెంబరే అయినా ఉక్కపోత. పదిహేనో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన బడిపిల్లలు చేతులు చాచి కేకలేస్తున్నారు. ఆ చేతుల్ని తాకే ఓపిక కూడా లేదు. ఇక ఆగిపోదామనుకుంటుండగా వెనక నుంచి చప్పుడు. టక్... టక్... కృత్రిమ కాలితో యాభై ఏళ్ల మనిషి ఒకాయన. ఆమె పక్కకు రాగానే చెయ్యి ఊపి, నవ్వి, ముందుకెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ కదిలింది. కాసేపు కుంటుతూ, కాసేపు నడుస్తూ, ఆ చప్పుడు వినిపించినంతసేపూ దాని వెనకే. ముగింపు గీత దాటేసరికి రెండు గంటల 52 నిమిషాలు. అనుకున్నదానికంటే ఎక్కువే.

ఫోన్ చేస్తే తండ్రి ఎంతసేపు పట్టిందని అడగలేదు. ఆమె చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

'ఆ కాలుతోని ఎట్ల ఉరికిండు బిడ్డా? నొయ్యదా?'

'నొస్తదేమో బాపూ... నేను అడగలేదు.'

అవతల చాలాసేపు మాట లేదు.

ఇంటికొచ్చాక పతకం ఆయన చేతికే ఇచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసి, దిండు పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఆమె మొదటిసారి ముందు గుమ్మం తలుపు తీసింది. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూసింది. మంచం మీద కూర్చుని తండ్రి కృత్రిమ కాలికి పట్టీలు బిగిస్తున్నాడు.

'గేటు దాకనే' అన్నాడు.