గీలా కొండ ఇండ్లకు ప్రయాణ సన్నాహం

అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగాన న్యూమెక్సికో అనే రాష్ట్రమున్నది. అందులోని సిల్వర్ సిటీ అనే చిన్న పట్టణం నుండి ఉత్తర దిశగా ఒక రహదారి అడవిలోకి సాగిపోతుంది. ఆ దారి పొడవు 44 మైళ్ళు, అనగా సుమారు 70 కిలోమీటర్లు. ఆ మాత్రం దూరానికి ఒక గంట చాలునని లెక్క వేసుకొన్నవారు తొలి మలుపులలోనే ఆ లెక్కను సవరించుకొంటారు. కొండల నడుమ మెలికలు తిరిగే ఆ మార్గాన వాహనానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. దారి చివర గీలా నది పశ్చిమ శాఖ, దానికి చేరువలో ఒక ఇరుకైన లోయ, లోయకు పైన కొండచరియలో నోళ్ళు తెరచుకొన్న గుహలు, ఆ గుహలలో ఏడు వందల సంవత్సరాల క్రిందట మనుష్యులు కట్టుకొన్న ఇండ్లు కనిపిస్తాయి.

వీటిని చూడబోయేవారి సన్నాహం ఆ ఇండ్లు కట్టిన వారిని గురించి తెలిసికొనడంతో ఆరంభం కావాలి. లేనిచో అంత దూరం పోయి చూసేది కొన్ని మొండిగోడలు మాత్రమే అవుతుంది. పురాతత్త్వవేత్తలు ఆ జనాన్ని మొగొయోన్ సంస్కృతికి చెందినవారని అంటారు. ఆ పేరు వారు పెట్టుకొన్నది కాదు. ఒక స్పానిష్ గవర్నరు పేరు కొండలకు, కొండల పేరు ఆ జనానికి వచ్చింది. ప్రకృతి సిద్ధంగా ఏర్పడిన గుహలలో రాళ్ళు, మట్టి పేర్చి వారు సుమారు 40 గదులు నిర్మించుకొన్నారు. పది పదిహేను కుటుంబాలు అక్కడ నివసించి ఉంటాయని అంచనా. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వారి పంటలు. వారి పొయ్యిల పొగ చూరిన నలుపు గుహల కప్పుకు నేటికీ అంటియే ఉన్నది.

ఆ ఇండ్ల వయస్సును నిర్ణయించినవి వాటి దూలాలే. చెట్టు ఏటేటా ఒక వలయం చొప్పున పెరుగుతుంది. వాన కురిసిన ఏడు వలయం వెడల్పుగాను, కరవు వచ్చిన ఏడు సన్నగాను ఏర్పడుతుంది. ఈ వరుసను బట్టి చెట్టును ఏ ఏట నరికినారో చెప్పవచ్చునని ఎ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త నిరూపించినాడు. నైరుతి అమెరికా శిథిలాలకు నిర్దిష్టమైన సంవత్సరాలు కట్టడం 1929లో ఆయన కృషివల్లనే సాధ్యమైనది. గీలా దూలాలు 1276 నుండి 1287 వరకు నరికిన చెట్లవి. 1300 నాటికి ఆ ఇండ్లు శూన్యమైనవి. అనగా గోడలకు మట్టి అందించిన పసివారే పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఇండ్లను విడిచిపోయి ఉండాలి. ఆ పాతిక సంవత్సరాలలో నైరుతి ప్రాంతాన్ని తీవ్రమైన అనావృష్టి పీడించినట్లు ఆ వలయాలే తెలుపుతున్నవి. కాని పారే నది చెంతనే ఉన్నవారి వలసకు కరవు ఒక్కటే కారణమని తీర్పు చెప్పడం తొందరపాటు. నేటి ప్యూబ్లో జాతులలో కొన్ని ఆ జనాన్ని తమ పూర్వులుగా భావిస్తాయి. వారి దృష్టిలో అవి శిథిలాలు కావు, పెద్దల ఇండ్లు.

ఆ ఇండ్లకు తరువాత వచ్చిన అతిథులు మంచివారు కారు. 1878లో హెన్రీ ఐల్మన్ అనే గని అన్వేషకుడు, అతని మిత్రులు ఈ గుహలను చూచినారు. న్యాయస్థానంలో జూరీ సభ్యులుగా కూర్చోవలసి వస్తుందని తప్పించుకొని అడవికి వచ్చినవారు వారు! 1884లో బాండలియర్ అనే పండితుడు వచ్చి వివరాలు వ్రాసికొన్నాడు. కాని పండితులకంటె దోపిడీదారులే ఎక్కువగా వచ్చినారు. 1907లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించేనాటికి కుండలు, బుట్టలు వంటివి చాలావరకు తరలిపోయినవి. మిగిలినవి గోడలు. యాత్రికుడు పాటించవలసిన నియమాలన్నీ ఆ గోడలకోసమే. వాటిని ఆనుకొనరాదు, ఎక్కరాదు. గుహలకు పోయే కాలిబాటలో నీరు తప్ప ఏ తినుబండారమూ వెంట ఉండరాదు. తినుబండారాల తునకలకు ఎలుకలు, ఉడుతలు చేరుతాయి. ఎలుక త్రవ్విన బొరియ మట్టిగోడకు పిడుగుపాటుకంటె తక్కువది కాదు.

ఇక కాలం, సామగ్రి సంగతి. ఈ స్మారకం చుట్టూ గీలా అరణ్యం ఉన్నది. ఆల్డో లియొపోల్డ్ ప్రతిపాదనపై 1924లో రోడ్లకు, యంత్రవాహనాలకు తావులేని వన్యభూమిగా దీనిని ప్రత్యేకించినారు. అటువంటి ఏర్పాటు ప్రపంచంలో ఇదే మొదటిది. దీని విస్తీర్ణం ఐదున్నర లక్షల ఎకరాలకు పైబడినది. కనుక రోడ్డు ముగిసిన తరువాత నడక, లేదా గుర్రం. పెట్రోలు సిల్వర్ సిటీలోనే నింపుకొనాలి. ఆ లోయలో సెల్‌ఫోన్ పనిచేస్తుందని నమ్ముకొనరాదు. ఏ దినాన తిరిగివస్తారో ఇంటివారికి ముందే చెప్పిపోవడం మేలు. జూలై నుండి సెప్టెంబరు వరకు మధ్యాహ్నాలలో ఉరుములు మెరుపులతో వానలు కురుస్తాయి. శీతకాలంలో దారిపై మంచు పడవచ్చు. వేసవి ఆరంభంలో కార్చిచ్చుల భయమున్నది. 2022లో చెలరేగిన ఒక్క కార్చిచ్చే ఈ ప్రాంతంలో మూడు లక్షల ఎకరాలకు పైగా దహించింది. అందుచేత బయలుదేరే ముందురోజు దారి తెరచి ఉన్నదో లేదో విచారించుకొనాలి.

గుహల కాలిబాట చుట్టి రావడానికి ఒక మైలు మాత్రమే. ఎక్కవలసిన ఎత్తు 180 అడుగులు. యువకులకు అది లెక్కలోనిది కాదు గాని, సముద్రమట్టానికి ఐదువేల అడుగులకు పైబడిన ఆ చోట పెద్దవారికి ఆయాసం వస్తుంది. వారిని తొందరపెట్టకుండ నడిపించాలి. మధ్యాహ్నం ఒక వేళ దాటిన తరువాత ఎవ్వరినీ పైకి పోనివ్వరు. తిరుగు ప్రయాణం మళ్ళీ రెండు గంటలు, మళ్ళీ అవే మలుపులు. చీకటి పడకముందే ఆ కొండలు దాటాలంటే తెల్లవారుజామునే సిల్వర్ సిటీ విడవడం మంచిది.