ముక్కు మీది కోపం, దీర్ఘశాంతం

దేవుడు మన తండ్రి అన్నది సండే స్కూలులో మొదటి పాఠం. ఉప్పల్ వైపు బస్తీల్లో ఆ పాఠం చెప్పడం అనుకున్నంత సులువు కాదు. నా ముందు కూర్చునే పిల్లల తల్లిదండ్రులు జనగామ, వరంగల్, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చినవాళ్లు. వరంగల్ బస్సు ఉప్పల్‌లో దింపుతుంది కనుక అక్కడే ఒక గది వెతుక్కున్నారు, నాచారం కంపెనీల్లో షిఫ్టు పనికి కుదిరారు. ఒక ఆదివారం పదేళ్ల పిల్లవాడు లేచి, "అన్నా, దేవుడు గూడ తాగొచ్చి కొడ్తడా?" అని అడిగాడు. వేళాకోళం కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. పక్కన ఉన్న పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. నన్ను ఎక్కువగా కలచివేసింది అదే.

"మీ నాయన లాంటివాడే దేవుడు, ఇంకా మంచివాడు" అనే జవాబు ఇలాంటి పిల్లల దగ్గర పనికిరాదు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు ఈ మాటను తిరగేసి చెప్పాడు. తండ్రితనం అనే పేరు దేవుని దగ్గర నుంచే కిందికి వచ్చిందంటాడు. అంటే మన నాయనను చూసి దేవుణ్ణి ఊహించుకోనక్కర లేదు. దేవుణ్ణి చూసి మన నాయన ఎక్కడ తప్పిపోయాడో తెలుసుకోవచ్చు. నాయన మంచివాడైతే ఆ మంచి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. పిల్లవాడికి ఇంత పొడుగ్గా చెప్పలేదు. "కొట్టడు" అన్నాను. "మరి కోపమొస్తే?" అన్నాడు.

ఆ ప్రశ్నకు తెలుగు బైబిల్లోనే మంచి మాట ఉంది, దీర్ఘశాంతం. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో ముక్కుకీ కోపానికీ ఒకటే పదం. ఓర్పు గలవాణ్ణి వాళ్లు 'పొడుగు ముక్కు గలవాడు' అంటారు. కోపం బుస కొట్టి బయటికి రావడానికి అతనికి చాలాసేపు పడుతుందన్నమాట. మనమూ 'ముక్కు మీద కోపం' అంటాం కదా! దేవుడికి కోపం రాదని కాదు. ఆ కోపం ముక్కు మీద కూర్చుని ఉండదు. ఇది చెప్పగానే పిల్లలందరూ తమ తమ ముక్కులు పట్టుకుని కొలుచుకున్నారు. పాఠం ఆ రోజుకు అక్కడితో సరి.

ఓపిక గురించి ఉప్పల్ వాళ్లకు వేరే గురువు అక్కరలేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి ఆ స్తంభాల పక్కన దుమ్ము మింగుతూ మనవాళ్లు పనికి పోయి వచ్చారు. కానీ ఆ ఓపిక వేరు. అది వేరే దారి లేక పట్టిన ఓపిక. గిరిజనులకు ఈ రకం ఓపిక గురించి బోధించేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. సర్టిఫికెట్ కోసం కిటికీ దగ్గర నిలబడితే ఓపిక పట్టమంటారు, పట్టా అడిగితే ఓపిక పట్టమంటారు. బైబిల్ చెప్పే దీర్ఘశాంతం బలం ఉన్నవాడిది, బలహీనుడి మీద చెయ్యి ఎత్తగలిగి కూడా ఎత్తనివాడిది. ఈ తేడా మన యువకులకు చెప్పకుండా ఓర్పు మీద ప్రసంగాలు చేస్తే అన్యాయం చేసినట్టే.

నైట్ షిఫ్టు చేసే తండ్రి పొద్దున ఏడింటికి ఇల్లు చేరతాడు. పిల్లలు ఎనిమిదింటికి బడికి పోతారు. రోజుకు ఆ ఒక్క గంటే. నిద్ర లేని కళ్లతో ఆ గంటలో కసురుకోకుండా ఉండటమే అతని దీర్ఘశాంతం. ఒక్కడే గది, అందులోనే టీవీ, గిన్నెల చప్పుడు.

మా బా (మా లంబాడీ భాషలో నాయన) నెలకోసారి తండా నుంచి జొన్నపిండి సంచి పట్టుకుని ఉప్పల్‌లో బస్సు దిగుతాడు. మెట్రో, స్కైవాక్ వచ్చాక రింగ్ రోడ్డులో దారి తప్పుతుంటాడు గానీ రావడం మానలేదు. నా కొడుకును ప్రతిసారీ గోర్ బోలీలోనే, బాటి తిన్నావా అని అడుగుతాడు. వాడు ప్రతిసారీ తెలుగులోనే, "తిన్న తాతా" అంటాడు. స్నేహితులు పక్కన ఉంటే ఆ మాట కూడా మెల్లగా అంటాడు. ఇలా ఐదేళ్లు గడిచాయి. "మామా, వానికి మన భాష రాదు, తెలుగుల మాట్లాడు" అన్నది మా ఇంటామె. "రాకపోతే జవాబెట్ల చెప్తున్నడు?" అన్నాడు ముసలాయన. కోప్పడలేదు, పాఠం చెప్పలేదు, అడగడం మాత్రం ఆపలేదు. తండ్రి ప్రేమ గురించి నేను చదివిన పుస్తకాల కన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ నేర్పింది.

మా వైపు డోర్నకల్ ఉంది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య 1912 నుంచి బిషప్‌గా పనిచేసిన ఊరు. ఆ చుట్టుపక్కల పాత క్రైస్తవ ఇళ్లలో తప్పిపోయిన కుమారుని కథ తెలియనివాళ్లు ఉండరు. అయితే అందరూ చిన్నకొడుకు ఇల్లు చేరగానే కథ ఆపేస్తారు. తండ్రి బతికి ఉండగానే పాలు పంచమనడం మన తండాల్లో ఎంత మాటో తెలుసు కదా. అయినా పంచాడు, ఇద్దరికీ పంచాడు. దూరం నుంచి కొడుకును చూసి ముసలితనంలో పరుగెత్తాడు. అంతటితో అయిపోలేదు. పెద్దకొడుకు అలిగి బయట నిలబడితే, విందు వదిలేసి మళ్లీ బయటికి వచ్చాడు. చిన్నవాడి కోసం ఒకసారి, పెద్దవాడి కోసం ఒకసారి. రెండోసారి ఎదురుగా ఉన్నవాడు తప్పిపోయి వచ్చినవాడు కాదు, నేనేం తప్పు చేశానని వాదించేవాడు. అలాంటి వాణ్ణి బతిమాలడమే ఎక్కువ కష్టం.

పెద్దకొడుకు లోపలికి వెళ్లాడా లేదా అన్నది లూకా రాయలేదు. ఉపాధ్యాయులు ఈ కథ చెప్పేటప్పుడు చివర పిల్లలనే అడిగి చూడండి. మా దగ్గర పిల్లలు రెండు జట్లయ్యారు. వెళ్లి ఉంటాడని కొందరు, తమ్ముణ్ణి చూస్తే మండిపోతుంది, ఎట్ల పోతడని కొందరు. "వాళ్ల నాయన ఎంతసేపు నిలబడ్డడు అన్నా?" అని ఒక పాప అడిగింది. దానికి మళ్లీ గొడవ మొదలైంది, అన్నం వేళ దాటినా తెగలేదు.