చంద్రుడి దాకా వెళ్లిన కుట్లు

1969లో చంద్రుడి మీద నిలబడ్డ ఆల్డ్రిన్ ఫొటో చూసినప్పుడల్లా నా కళ్లు ఆ హెల్మెట్ ముందరి బంగారు పూత దగ్గరే ఆగిపోయేవి. నిప్పులు చెరిగే ఎండను తిప్పికొట్టే పలుచటి పూత అది. అందులో, ఫొటో తీస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్న బొమ్మలా కనిపిస్తాడు.

ఇప్పుడు మాత్రం నేను కుట్లు వెతుక్కుంటున్నాను. వాళ్లిద్దరూ వేసుకున్న అపోలో సూట్లు తయారైంది అమెరికాలోని డోవర్‌లో, ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ల లోదుస్తులు చేసిన సంస్థలో. కుట్టుమిషన్ల ముందు కూర్చున్నది ఆడవాళ్లే. ఒకదాని మీద ఒకటిగా ఇరవైకి పైగా పొరలు. కుట్టు వెంట్రుకవాసి కూడా పక్కకు పోకూడదు. మరచిపోయిన గుండుసూది ఒక్కటి చాలు, గాలి నిలిపే పొరకు చిల్లు పడటానికి.

అన్నిటికంటే చిక్కు, ఒళ్లు వంచడం. 1965లో తొలిసారి అంతరిక్షంలో నడిచిన లియోనోవ్ సూట్ శూన్యంలో ఉబ్బి బిగుసుకుపోయింది. లోపలి గాలి కొంత వదిలితే గానీ ఆయన నౌకలోకి రాలేకపోయాడు. అపోలో సూట్‌లో మోచేతులకు, మోకాళ్లకు మడతలు మడతలుగా రబ్బరు కీళ్లు అమర్చారు.

చంద్రుడి మీద ఆ ఇద్దరూ గెంతుతుంటే, ఆ పొరలు కుట్టిన చేతులు ఎంత వణికి ఉంటాయో!