దూకితేనే దారి!

ఎర్రటోపీ పెట్టుకున్న ఓ బుల్లి మనిషి. ఎదురుగా ఓ గొయ్యి. దూకితే బతుకుతాడు, లేదంటే మళ్లీ మొదటికే! కథంతా ఇంతే. అయినా నలభై ఏళ్లుగా మనల్ని వదలడంలేదు. డేవ్, ప్రిన్స్, మారియో... అమీర్‌పేటలో కోర్సులు మారాయి, కంప్యూటర్లు మారాయి. ఆ ఆటల మీద మోజు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకని?

అమీర్‌పేట మెట్రోస్టేషన్‌లో దిగి మైత్రివనం వైపు నడిస్తే ఆకాశం కన్నా ముందు బ్యానర్లు కనిపిస్తాయి. ఏ టెక్నాలజీకి గిరాకీ ఉంటే దాని పేరు ఇక్కడి గోడలెక్కుతుంది. నిన్న సీ, ఒరాకిల్, జావా. నేడు పైథాన్, డేటా సైన్స్, ఏఐ. ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో కరపత్రం చేతిలో పెట్టకుండా ఎవరూ వదలరు. జిల్లాల నుంచి సంచి భుజాన వేసుకుని వచ్చి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, ఇక్కడ కోర్సు చేసి వెళ్లినవాళ్లు ఇవాళ అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నారు.

నలభైల్లోకి వచ్చిన ఆ తరాన్ని కదిపి చూడండి. కంప్యూటర్ మీద మొదట నేర్చుకున్నదేమిటంటే ప్రోగ్రామ్ పేరు చెప్పేవాళ్లు కొందరే. నల్లటి తెర మీద మిణుకుమనే కర్సర్ పక్కన డేవ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టిన సంగతి చెప్పేవాళ్లే ఎక్కువ! సార్ అటు తిరగ్గానే ఆట, ఇటు తిరగ్గానే కీబోర్డు మీద బుద్ధిగా చేతులు. ల్యాబ్‌లో ఆటను చెరిపేసినా దిగుల్లేదు, ఎవరో ఒకరి జేబులో ఫ్లాపీ ఉండేది.

అరుగు మీంచి అరుగు మీదకు

డేవ్, మారియో లాంటివాటిని ప్లాట్‌ఫామ్ గేమ్స్ అంటారు. అరుగుల్లాంటి మెట్ల మీంచి దూకుతూ, గోతులు తప్పించుకుంటూ, శత్రువుని దాటుకుంటూ చివరిదాకా చేరడమే పని. మన తొక్కుడుబిళ్లకు తెర కట్టినట్టన్నమాట. వైకుంఠపాళిలోనూ నిచ్చెనలూ పాములూ ఉంటాయి కానీ అక్కడ అంతా పందెం చేతిలో ఉంటుంది. ఇక్కడ అంతా మన వేలి చివర ఉంటుంది. తేడా అదే!

ఈ తరహా ఆటకు దారి వేసింది 1981లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన డాంకీకాంగ్. దాన్ని రూపొందించిన షిగెరు మియమొటో సృష్టే మారియో. అప్పట్లో తెర మీద చుక్కలు లెక్కపెట్టుకుని బొమ్మ గీయాలి. నోరు గీయడం కష్టమని మీసం పెట్టారు, జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు. ఇబ్బంది లోంచి పుట్టిన ఆ వేషమే ప్రపంచానికంతటికీ గుర్తుండిపోయింది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే ఫోన్‌కి వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో చాలాసార్లు అంతకంటే పెద్దది! అంత చోటులోనే 32 దశలు, సంగీతం, రాక్షసులు అన్నీ సర్దారు. జాగ్రత్తగా చూస్తే అందులో మేఘాలూ పొదలూ ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. పొదుపు అంటే అదీ.

'ఫూ' అని ఊదితే...

మన ఇళ్లలోకి ఈ ఆటలు వేరే దారిలో వచ్చాయి. తొంభైల్లో సమురాయ్, మీడియా లాంటి పేర్లతో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్‌లు దొరికేవి. అసలు జపాన్ యంత్రానికి అవి నకళ్లు. పసుపు రంగు కేసెట్ మీద 9999 ఇన్ వన్ అని ఉండేది. తీరా పెట్టి చూస్తే ఆ పదో పరకో ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి! మారియో, కాంట్రా, సర్కస్, అడ్వెంచర్ ఐలాండ్... వేసవి సెలవుల్లో వీధిలో ఒక ఇంట్లో ఆ డబ్బా ఉంటే చాలు, గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి. 'ఒరే, నువ్వు చచ్చిపోయావ్, ఇటివ్వరా' అన్నమాట తప్పుగా వినిపించని చోటు అదొక్కటే.

ఆట ఆగిపోతే కేసెట్ తీసి ఫూ అని ఊదడం అందరికీ తెలిసిన వైద్యం. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ సరిగా పెట్టడం. నోటి తడికి లోపలి లోహపు పట్టీలు పాడవుతాయి కూడా. అయినా ఊదితేనే ఆడుతుందన్న నమ్మకం దేశదేశాల పిల్లలదీ!

రాత్రికి రాత్రే

టీవీ లేని హాస్టల్ కుర్రాళ్లకు కంప్యూటరే దిక్కు. అక్కడ రాజు డేంజరస్ డేవ్. మారియో స్ఫూర్తితో 1988లో దాన్ని రాసింది జాన్ రొమేరో అనే అమెరికన్ కుర్రాడు. బంగారు కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. అలా పది దశలు.

ఆ డేవ్ వెనకున్న కథ అమీర్‌పేటలో కోడింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ వినాల్సింది. అప్పటి పీసీల్లో మారియోలా తెర సాఫీగా పక్కకి జరిగేది కాదు. మొత్తం బొమ్మను మళ్లీ గీసేసరికి యంత్రం ఆయాసపడేది. 1990 సెప్టెంబరులో రొమేరో సహోద్యోగి జాన్ కార్మాక్‌కి ఓ ఉపాయం తట్టింది... మారిన ముక్కల్ని మాత్రమే గీస్తే? టామ్ హాల్‌తో కలిసి రాత్రికి రాత్రే మూడో మారియో ఆట మొదటి దశను పీసీ మీదకు దించాడు. మారియో స్థానంలో డేవ్‌ని నిలబెట్టాడు. పొద్దున్నే అది చూసిన రొమేరోకి నోట మాట రాలేదట. నింటెండోకి చూపిస్తే, పీసీ ఆటల జోలికి రామంది. వాళ్లు నిరుత్సాహపడలేదు. అదే పద్ధతిలో అదే ఏడాది డిసెంబరులో కమాండర్ కీన్ తెచ్చారు. మరుసటి ఏడాది సొంత కంపెనీ ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టారు. డూమ్ పుట్టింది అక్కడే.

ప్రిన్స్ ఆఫ్ పర్షియాదీ అలాంటి కథే. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌ని పరుగెత్తమని, దూకమని వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూస్తూ బొమ్మ గీశాడు. ఏళ్ల తరబడి ఒంటరిగా శ్రమించి 1989లో విడుదల చేస్తే మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత రకరకాల యంత్రాల మీదకు వెళ్లాక ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. గడువు గంట... ఆలోపు కోట దాటాలి. రాకుమారుడు ముళ్ల మీద పడ్డప్పుడల్లా ల్యాబ్‌లో 'అబ్బా' అన్న మూలుగు వినిపించేది.

తప్పు నాదే!

ఇంతకంటే గొప్ప బొమ్మలున్న ఆటలు వేలకొద్దీ వచ్చాయి. మరి వీటి మీద మోజెందుకు తగ్గలేదు? మొదటి కారణం దూకుడులోనే ఉంది. మారియోలో బటన్‌ని తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. పరుగెత్తి దూకితే ఇంకా దూరం. నేర్చుకోవడానికి నిమిషం, పట్టు సాధించడానికి ఏళ్లు.

రెండోది, ఈ ఆటలు పాఠం చెప్పకుండానే నేర్పుతాయి. మారియో మొదటి తెరలోనే ఓ శత్రువు ఎదురొస్తాడు. ఊరుకుంటే ప్రాణం పోతుంది. రెండోసారి దూకుతాం. తెలియకుండానే మొదటి పాఠం వచ్చేసింది!

మూడోది ముఖ్యమైనది. ఇక్కడ ఓడితే నెపం వేయడానికి ఎవరూ ఉండరు. గొయ్యి నిన్న ఉన్నచోటే ఉంది, శత్రువు నిన్న వచ్చిన వేళకే వచ్చాడు. తప్పు మనదే. దిద్దుకునే అవకాశమూ మనదే. మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని హాస్టల్ గదికి తిరిగొచ్చిన కుర్రాడికి ఆ మాట ఓదార్పే. కంపెనీ ఎందుకు వద్దందో మెయిల్‌లో ఉండదు. డేవ్ ఎందుకు పడిపోయాడో మాత్రం కళ్లముందే కనిపిస్తుంది.

అమ్మానాన్నలకు నచ్చే సంగతి మరొకటుంది. ఇప్పటి ఫోన్ ఆటల్లో చాలావాటికి ముగింపు ఉండదు. ఆగమని చెప్పవు సరికదా, డబ్బులు పెట్టి కొనమంటూ ఊరిస్తాయి. పాత ఆటకు ఒక చివర ఉంది. రాకుమారి దొరికిందా... శుభం! ఏ ఆటైనా హద్దు దాటితే చేటే. ఆట వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది కూడా. కానీ ఎప్పుడు ఆపాలో తెలిసే ఆట పిల్లల చేతిలో ఉంటే ఆ హద్దు గీయడం తేలిక.

పంజాగుట్ట దాకా

అమీర్‌పేట తర్వాత స్టేషనే పంజాగుట్ట. నోకియా ఫోన్ల రోజుల్లో ఈ దారిలో సిటీబస్సు ట్రాఫిక్‌లో ఆగిపోతే ఎర్రబంతి బౌన్స్ ఆటే కాలక్షేపం. అదీ ప్లాట్‌ఫామ్ గేమే! 2018 నుంచి ఈ రెంటి మధ్యా మెట్రో నడుస్తోంది. ఒకప్పుడు ల్యాబ్‌లో దొంగచాటుగా ఆడిన డేవ్ ఇప్పుడు బ్రౌజర్లో దొరుకుతున్నాడు. 2023లో వచ్చిన మారియో సినిమా ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. నలభై ఏళ్ల ఆటను 4 నిమిషాల 55 సెకన్లలోపు ముగించాలని పోటీపడి, 2021లో ఆ గీత దాటారు.

కరోనా వచ్చాక అమీర్‌పేట క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌కి వెళ్లాయి. అయినా సంచి భుజాన వేసుకుని మైత్రివనం మెట్లెక్కేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. వాళ్లలో కొందరి అమ్మానాన్నలు కూడా ఇవే సందుల్లో చదువుకున్నవాళ్లే. ఈ ఆదివారం ఇంట్లో పిల్లలు ఫోన్ పట్టుకుంటే కసురుకోకండి. పక్కన కూర్చుని డేవ్‌ని పరిచయం చేయండి. మూడో దశలో మీరు పడిపోతే వాళ్లు నవ్వుతారు... నవ్వనివ్వండి. 'మళ్లీ ఆడదామా' అని మీరు అడిగినప్పుడు వాళ్లకు అసలు పాఠం అందుతుంది!