నాలుగక్షరాల కీవ్

హైదరాబాద్‌లో ఓ ఇంగ్లిష్ దినపత్రికకు అంతర్జాతీయ వార్తల పేజీ చూస్తుంటాను. యుద్ధమైనా ఎన్నికైనా మా దగ్గరికి వచ్చేసరికి అక్షరాల లెక్కలో పడుతుంది. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో ఉక్రెయిన్ అని పెట్టాలంటే ఇంగ్లిష్‌లో ఏడక్షరాలు. కీవ్ అయితే నాలుగే. అందుకే చర్చలకు సరేనన్నదీ, షరతులు కాదన్నదీ, ఆయుధాలు అడిగిందీ అంతా మా హెడ్డింగుల్లో కీవే. చైనాకు ఆ అగత్యం లేదు. దేశం పేరుకు ఐదు, బీజింగ్‌కు ఏడు. అమెరికాకు రెండక్షరాలు చాలు, వాషింగ్టన్‌కు పది కావాలి. రష్యా, మాస్కో చెరి ఆరు. వాషింగ్టన్ ఆగ్రహించడం హెడ్డింగ్‌లో అరుదుగానూ కాపీ లోపల తరచుగానూ కనిపిస్తుందంటే, దౌత్య మర్మం కంటే ఈ కొలతే అసలు కారణమని నా అనుభవం. లోపల రాసేటప్పుడు ఒకే పేరు మళ్లీ మళ్లీ వేయడం ఇంగ్లిష్ వాళ్లకు రుచించదు, రాజధాని పేరు అక్కడ అక్కరకొస్తుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తాక ఈ అలవాటే పీకలమీదికి తెచ్చింది. మొదటి వాక్యంలో కీవ్ మీద క్షిపణులు పడతాయి, మూడో వాక్యంలో కీవ్ ఖండిస్తుంది. మొదటిది ఊరు, రెండోది ప్రభుత్వం. నేలమాళిగలో తలదాచుకున్నవాళ్లను, ప్రకటన విడుదల చేసిన కార్యాలయాన్ని ఒకే పేరుతో పిలవడం నాకు నచ్చదు. దాడి వార్తలో కీవ్ అంటే ఊరు మాత్రమే, మాట్లాడేది ప్రభుత్వమైతే ఉక్రెయిన్ అధికారులు అని రాయండి అని డెస్కులోని పిల్లలకు చెప్పాను. చోటు చాలదంటే ఇంకేదైనా కత్తిరించమంటాను. ఢిల్లీతో మాకు ఎప్పుడూ ఉన్న తలనొప్పే ఇది. అక్కడ కేంద్రంతో పాటు ఢిల్లీకి సొంత ప్రభుత్వమూ ఉంది. తెలుగు పత్రికల మిత్రులకు కేంద్రాన్ని పిలవడానికి ‘హస్తిన’ ఉంది, అదృష్టవంతులు.

ఇక స్పెల్లింగ్ సంగతి. పాత ఇంగ్లిష్ రూపం రష్యన్ నుంచి వచ్చింది. కే తర్వాత ఐ, ఈ, వీ. ఉక్రెయిన్ 1991లో స్వతంత్రమైంది. కే, వై, ఐ, వీ అన్నదే అధికారిక లాటిన్ రూపమని 1995లోనే నిర్ణయించుకుంది. రెండు దశాబ్దాలకు పైగా పెద్ద పత్రికలు పట్టించుకోలేదు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్నాక ఆ స్పెల్లింగ్ ఎవరి పక్షమో చెప్పే గుర్తయింది. 2018లో ఉక్రెయిన్ విదేశాంగ శాఖే ప్రచారానికి దిగింది. 2019 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ మారింది, అక్టోబరులో బీబీసీ, నవంబరులో న్యూయార్క్ టైమ్స్. అందరూ ఒక్కరోజే మారరు కదా. ఒక ఏజెన్సీ కాపీలో వై, ఇంకో ఏజెన్సీ కాపీలో ఐ, రెండూ మా పేజీలో పక్కపక్కన. “మేడం, ఏది ఉంచమంటారు?” అని రాత్రి పేజీ వదిలే వేళకు ఎవరో ఒకరు అడిగేవారు.

డెస్కులో ఒక సీనియర్ గట్టిగా అడ్డం తిరిగారు. “రోమా అనం, రోమ్ అంటాం. మాస్క్వా అనం, మాస్కో అంటాం. వీళ్లకేంటి ప్రత్యేకం?” కొట్టిపారేసే మాట కాదది. కానీ రోమ్ వాళ్లు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తామే రోమ్ అని రాసుకుంటారు, పొరుగు దేశపు భాషలోంచి తమ ఊరిని పిలుస్తున్నారన్న బాధ వాళ్లకు లేదు. ఉక్రెయిన్‌ వాళ్లు నోరు తెరిచి అడిగారు. మనమూ అడిగినవాళ్లమే. 1995లో ముంబై, 1996లో చెన్నై, 2001లో కోల్‌కతా అని మార్చుకుని లోకమంతా అలాగే రాయాలన్నాం, రాశారు. మనకో న్యాయం, వాళ్లకో న్యాయమా? ఆయన ఒప్పుకోలేదు, వై మాత్రం స్టైల్ షీట్‌లోకి ఎక్కింది.

అలాగని మొత్తం కాపీ మీద ఒక్క మీట నొక్కి మార్చేయడానికి లేదు. చికెన్ కీవ్ అనే వంటకం ఉంది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు నగరం స్పెల్లింగ్ మార్చినా వంటకానికి పాతదే ఉంచారు. 1991 ఆగస్టు 1న అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ కీవ్‌కు వెళ్లి, ఆత్మహత్యాసదృశమైన జాతీయవాదం వద్దని హెచ్చరిస్తే, కాలమిస్టు విలియం సఫైర్ ఆ ప్రసంగానికి ఆ వంటకం పేరే తగిలించాడు. అమెరికా రాజకీయాల్లో అది అలాగే నిలిచింది. అలాంటి చోట వై పెడితే చరిత్రను దిద్దినట్టవుతుంది. కోట్‌లో ఉన్నదీ, పుస్తకం పేరులో ఉన్నదీ కదిలించం. చెర్నోబిల్ ఇంకో తంటా. ఉక్రెయిన్ ఉచ్చారణ ప్రకారం చోర్నోబిల్ అనాలి, కానీ 1986 ప్రమాదం పాత రూపాన్నే లోకం నోట నిలిపింది. అక్కడ నేనింకా పాతదే వాడుతున్నాను, ఎవరైనా నిలదీస్తే నా దగ్గర గట్టి సమాధానం లేదు.

ఈ గొడవంతా తెలుగు పాఠకుడికి కనపడనే లేదు. యుద్ధం మొదలయ్యాక అక్కడ వైద్యం చదువుతున్న మన పిల్లల కోసం తల్లిదండ్రులు వార్తలు వెతికినప్పుడు తెలుగులో రాసింది కీవ్, అంతకుముందు రాసిందీ కీవే. ఆ వై చూసి కొందరు టీవీ యాంకర్లు ‘కైవ్’ అని చదవడం తప్ప పెద్ద మార్పేమీ లేదు.

కజకిస్తాన్ అయితే మరీ పరీక్ష పెట్టింది. 2019 మార్చిలో రాజధాని అస్తానాను నుర్-సుల్తాన్ చేశారు, 2022 సెప్టెంబరులో మళ్లీ అస్తానా చేశారు. స్టైల్ షీట్‌లో చేర్చిన గీత కొట్టేశాం. ఆ మూడున్నరేళ్ల డేట్‌లైన్లు మాత్రం పాత సంచికల్లో అచ్చయినట్టే ఉన్నాయి. వాటిని ముట్టుకోం. పాత వార్తలు వెతికే కుర్రాళ్లకు చెప్పేదొక్కటే: కీవ్ కోసం రెండు స్పెల్లింగులూ కొట్టి చూడండి.