పది మాటలు, ఒక సంతకం

మా పర్చూరులో ఇంటర్నెట్ తెలియని వాళ్లకు కూడా తెలిసిన ఇంటర్నెట్ మాట ఒకటుంది. "సర్వర్ డౌన్." అడంగల్ కోసం వెళ్లినా, రేషన్ కోసం వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట విని వెనక్కి వచ్చిన వాళ్లమే మనమంతా. సర్వర్ అంటే ఏమిటి, అది ఎక్కడ ఉంటుంది అని ఎవరమూ అడగలేదు. "సరేనండీ, రేపొస్తాం" అనేసి తిరిగొచ్చాం.

నేను మొదటినుంచీ అంతే. చీరాలలో ఇంటర్ చదివినప్పుడు ఫలితాలు నెట్‌లో వచ్చాయంటే, నెట్ సెంటర్ కుర్రాడికి హాల్ టికెట్ నంబరు చెప్పి బయట నిలబడ్డాను. లోపలికి వెళ్లి ఆ తెర చూడాలని కూడా అనిపించలేదు. ఇరవై ఏళ్లు గడిచినా అదే అలవాటు. చేతిలో పద్నాలుగు వేల రూపాయల ఫోను ఉన్నా, ఏ పనికైనా "కాస్త నువ్వే చూసి పెట్టు బాబూ" అని ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాణ్ణి.

గత ఏడాది సంక్రాంతి సెలవులు అయ్యాక మా అమ్మాయికి కంప్యూటర్ క్లాసులో ఒక హోంవర్క్ ఇచ్చారు. అప్పుడు తను ఏడో తరగతి. ఇంటర్నెట్‌కు సంబంధించిన పది మాటలు నోటుబుక్కులో రాసి, వాటి అర్థం ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, చివర సంతకం చేయించుకుని రావాలి. సాయంత్రం కల్లంలో కాయలు తిరగేస్తుంటే వచ్చింది. "నాన్నా, పది నిమిషాలు" అంది. "చీకటి పడుతోందమ్మా, ఇటివ్వు" అని ఒక్క మాట కూడా వినకుండా సంతకం పెట్టేశాను. నా వేళ్లకున్న మిరప ఎరుపు ఆ పేజీకి అంటింది. తను ఏమీ అనలేదు.

ఫిబ్రవరి చివర్లో రెండో కోత నడుస్తోంది. మొదటి కోత టిక్కీలు గుంటూరు యార్డులో అమ్మగా వచ్చిన డబ్బు ఖాతాలో ఉంది. శనివారం కూలీలకు ఇవ్వాల్సింది అందులోంచే. శుక్రవారం మధ్యాహ్నం ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. కేవైసీ సరిచేసుకోకపోతే ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుందని, కింద ఒక లింకు. మేస్త్రి మొహం కళ్ల ముందు మెదిలింది. ఎప్పుడూ పక్కవాళ్లకు ఫోను ఇచ్చేవాణ్ణి, ఆ రోజు పక్కన ఎవరూ లేరు. నేనే నొక్కాను. అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది. పైన తాళం గుర్తు కూడా కనిపించింది. యాప్ దించుకోమంటే దించుకున్నాను. ఫోను ఏదో హెచ్చరిక చూపిస్తే పక్కకు నెట్టి, అడిగిన ప్రతిదానికీ "అనుమతించు" నొక్కుకుంటూ పోయాను. కాసేపటికి రెండు దఫాలుగా 46 వేలు పోయాయి.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. గంటన్నర సేపు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు, బ్యాంకుకు వెళ్లలేదు. చెట్టు కింద కూర్చుని, ఇంటర్ చదివినవాణ్ణి ఎలా మోసపోయానా అని సిగ్గుపడుతూ ఉండిపోయాను.

అమ్మాయి స్కూల్ బస్సు దిగి వచ్చి నా మొహం చూసి అడిగింది. చెప్పాను. "ఏపీకే ఫైలా నాన్నా?" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. తను ఫోను తీసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టింది. అదే నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్న 1930 నంబరుకు వాళ్లమ్మ ఫోను నుంచి చేయించింది. అది సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఒకటే నంబరు. లావాదేవీల వివరాలు రాసుకున్నారు. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాం. రెండో దఫా పోయిన 18 వేలు అవతలి ఖాతాలో ఉండగానే ఆపగలిగారు. అవి నా చేతికి రావడానికి నెలలు పట్టింది. మొదటి 28 వేలు రాలేదు. ఆ గంటన్నర నేను దాచకుండా ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. శనివారం కూలి డబ్బులు మా బావమరిది దగ్గర అప్పు తెచ్చి ఇచ్చాను.

ఆదివారం నేనే వెళ్లి అడిగాను. "ఆ పది మాటలు మళ్లీ చెప్తావా తల్లీ" అని. ఎరుపు మరక ఉన్న పేజీ తెరిచింది. తను చెప్పినవి నాకు అర్థమైనట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్నెట్, వెబ్ ఒకటి కాదు. ప్రపంచంలోని కంప్యూటర్లను కలిపే దారి ఇంటర్నెట్. మన చీరాల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు, ఆటో, మిర్చి లారీ అన్నీ పోయినట్టు, ఆ దారి మీద ఈమెయిలు, వాట్సాప్, వీడియో కాల్ అన్నీ పోతాయి. వెబ్ కూడా అలా పోయే వాటిలో ఒకటి. పేజీలను లింకులతో కలిపే ఈ ఏర్పాటును జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించారు. 1993లో సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది.

సర్వర్ అంటే ఎక్కడో ఎప్పుడూ వెలుగుతూ ఉండి, మనం అడిగిన పేజీని పంపే కంప్యూటర్. ప్రతి సర్వర్‌కూ ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. ఫోనులో మనం "బావ" అని నొక్కితే నంబరు దానంతట అదే కలిసినట్టు, సైటు పేరు కొడితే దాని నంబరు వెతికి పెట్టే ఏర్పాటు డీఎన్ఎస్.

బ్రౌజర్ అంటే పేజీలను తెరిచి చూపించే యాప్. క్రోమ్ అలాంటిది. సెర్చ్ ఇంజన్ అంటే ఎక్కడ ఏముందో వెతికి చెప్పేది. గూగుల్ అలాంటిది. నేను రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. వెతికినప్పుడు పైన వచ్చేదే అసలైనది అని కూడా అనుకునేవాణ్ణి. "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటన. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి దొంగల చేతికి చిక్కేవాళ్లు ఉన్నారు. పాస్‌బుక్కు మీదో, కార్డు వెనకో ఉన్న నంబరుకే చెయ్యడం మేలు.

యూఆర్ఎల్ అంటే పేజీ చిరునామా. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఉత్తరం మీద మనం పేరు, వీధి, ఊరు, జిల్లా అని రాస్తాం. ఉత్తరం ఎటు పోవాలో చెప్పేది చివరి పంక్తి. మన పర్చూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చినప్పుడు మారింది కూడా ఆ చివరి పంక్తే. వెబ్ చిరునామాలోనూ యజమాని ఎవరో చెప్పేది చివరి భాగమే. హెచ్‌టీటీపీఎస్ తర్వాత వచ్చే రెండు అడ్డగీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి అడ్డగీత దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి చదవాలి. "మీభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటే చివర ఉన్నది గవ్ డాట్ ఇన్. అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అదే "మీభూమి డాట్ ఏపీ డాట్ ఏదోపేరు డాట్ కామ్" అని ఉంటే, ముందు ఎంత గొప్ప పేరున్నా ఆ సైటు "ఏదోపేరు" అనేవాడిది. డాట్ కామ్, ఉత్త డాట్ ఇన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. నాకు వచ్చిన లింకులో బ్యాంకు పేరు ముందు భాగంలోనే ఉంది. చివరికి చూస్తే నోరు తిరగని పేరేదో ఉంది.

తాళం గుర్తు గురించి కూడా నేను తప్పుగా అనుకున్నాను. మనకూ ఆ సైటుకూ మధ్య నడిచే మాటలు దారిలో ఇంకొకరు చదవలేరని మాత్రమే దాని అర్థం. సీలు వేసిన కవరును దొంగ ఇంటికి కూడా పంపవచ్చు కదా. జనం ఆ గుర్తును చూసి సైటు మంచిదే అనుకుంటున్నారనే, గూగుల్ 2023లో క్రోమ్‌లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

డౌన్‌లోడ్ అంటే ఎక్కడో ఉన్నదాన్ని మన ఫోనులోకి దించుకోవడం, అప్‌లోడ్ అంటే మనది అక్కడికి పంపడం. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ పెట్టే ఫైలు. ప్లే స్టోర్ నుంచి కాకుండా మెసేజీలోనో లింకులోనో వస్తే ముట్టుకోకూడదు. నేను "అనుమతించు" నొక్కిన వాటిలో మెసేజీలు చదివే అనుమతి ఒకటి. అందుకే ఓటీపీ నేను ఎవరికీ చెప్పకపోయినా వాళ్లకు తెలిసిపోయింది. ఇంకో మాట: యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన దగ్గరనుంచి పోతోందని అర్థం.

ఇవన్నీ అరగంటలో అయిపోయాయి. నాకు తెలియకపోవడం వల్ల వచ్చిన నష్టం కొంతే. అడగడానికి నామోషీ పడటం వల్లా, జరిగింది దాచడం వల్లా వచ్చిందే ఎక్కువ. మాట తెలిస్తే ప్రశ్న అడగగలం. మాట తెలియకపోతే "ఏదో వచ్చింది, ఏదో నొక్కాను" అనడం తప్ప ఏమీ చెప్పలేం. 1930లో అవతలి వాళ్లు అడిగినవాటికి ఆ రోజు సమాధానాలు చెప్పింది నేను కాదు, పన్నెండేళ్ల పిల్ల.

మొన్న ఒక పని మీద ఆఫీసుకు వెళితే మళ్లీ అదే మాట, "సర్వర్ డౌనండీ, రేపు రండి." నా ఫోను తీసి ఆ సైటు తెరిచాను. తెరుచుకుంది. "సైటు బాగానే ఉన్నట్టుందండీ, ఇక్కడ నెట్ వస్తుందేమో ఒకసారి చూడండి" అన్నాను. ఆ కుర్రాడు వంగి చూస్తే వైరు ఊడి ఉంది. పది నిమిషాల్లో నా పనీ, వెనక లైన్లో ఉన్న ఏడుగురి పనీ అయిపోయింది.

తోటి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ పిల్లలు నోటుబుక్కు తెచ్చి "పది నిమిషాలు" అంటే చేతులు కడుక్కుని కూర్చోండి. 1930 నంబరు ఇంట్లో అందరి ఫోనుల్లో ఉంచండి. పొరపాటు జరిగితే దాచకుండా ఆ నిమిషమే ఇంట్లో చెప్పండి. ఈ ఏడాది మా అమ్మాయి పాస్‌వర్డుల మీద ఇంకో పది మాటలు రాసుకుని వచ్చింది. కల్లంలో పని ఆపి, అన్నీ విని, రెండు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టాను.