వెలిగండ్ల నుంచి కోఠీ దాకా... ఓ తీగ కథ!

కనిగిరి నియోజకవర్గంలోని వెలిగండ్ల మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట. వాన ముఖం చాటేసిన ఏడు చేతికి పని వెతుక్కుంటూ హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లడం ఈ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. అలా వెళ్లినవాళ్లు పండక్కి తెచ్చే వస్తువుల్లో ఒక్కోసారి మ్యూజిక్‌ సిస్టమ్‌ కూడా ఉంటుంది. యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు... హాల్లో అటొకటి ఇటొకటి పెడితే ఘంటసాల ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే!

చిక్కల్లా స్పీకర్లతోపాటు పెట్టెలో వచ్చే సన్నటి వైరుతోనే. హాలు ఆ చివరిదాకా అది అందదు. అందేంత పొడవు వైరు కొనాలంటే ఎక్కడికెళ్లాలి? ఎంత పెట్టాలి?

కాస్త తెలిసినవాళ్లెవరినడిగినా చెప్పే పేరు హైదరాబాదులోని కోఠీ. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే ఎంతో దూరం లేదు. ఒకప్పుడు కర్క్‌పాట్రిక్‌ కట్టించిన బ్రిటిష్‌ రెసిడెన్సీ భవనం, సుల్తాన్‌బజార్‌ సందడి, బ్యాంక్‌ స్ట్రీట్‌... ఆ పక్కనే గుజరాతీ గల్లీ. స్పీకర్లు, యాంప్లిఫయరు బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పిన్నులు- పాటకు సంబంధించిన సరంజామా అంతా అక్కడ దొరుకుతుంది. పామూరు మీదుగా చెన్నై వెళ్లేవాళ్లకైతే మౌంట్‌రోడ్డు దగ్గరి రిచీ స్ట్రీట్‌ ఉండనే ఉంది. రెండుచోట్లా వైరు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. మామూలు రకం నుంచి బంగారు పూత పిన్నులున్న రకం దాకా వరసగా కనిపిస్తాయి. అసలు తికమక మొదలయ్యేది అక్కడే.

ఖరీదు పెరిగితే పాట మారుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు మెట్ట రైతుకు ముందే తెలుసు. లోతు బోరులో దింపిన మోటారుకు సన్న వైరు వేస్తే ఏమవుతుంది? దారిలోనే కరెంటు నష్టపోయి, మోటారు గుంజలేక కాలిపోతుంది. స్పీకరు కాలిపోదుగానీ సూత్రం మాత్రం ఒకటే. వైరు ఎంత పొడవైతే అడ్డంకి అంత ఎక్కువ, ఎంత లావైతే అంత తక్కువ.

లెక్క చూద్దాం. స్పీకరు 10 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయి రావడానికి 20 మీటర్ల రాగి కావాలి. అర చదరపు మిల్లీమీటరు వైరైతే దాని నిరోధం దాదాపు 0.7 ఓమ్‌లు. ఒకటిన్నర వైరైతే 0.23, రెండున్నరైతే 0.14. వైరు నిరోధం స్పీకరు ఓమ్‌లలో 5 శాతం దాటకుంటే చాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 8 ఓమ్‌ల స్పీకరుకు ఒకటిన్నర, 4 ఓమ్‌లదానికి రెండున్నర సరిపోతాయి. ‘ఆక్సిజన్‌ లేని రాగి’ అంటూ ఎక్కువ ధర చెబుతారు. కరెంటును మోయడంలో దానికీ మామూలు మంచి రాగికీ తేడా మహా అయితే ఒక శాతం.

ఏడు వేల డాలర్లకు పైగా ధర పలికే స్పీకరు కేబుల్‌ను, మామూలుదాన్ని కళ్లతో చూడకుండా చెవులతోనే తేడా పట్టి చూపిస్తే పది లక్షల డాలర్లిస్తానని అమెరికా ఇంద్రజాలికుడు జేమ్స్‌ ర్యాండీ 2007లో సవాలు విసిరాడు. ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు!

మోసం ఉండేది మరోచోట. పైకి రాగిలా మెరిసినా లోపల అల్యూమినియం ఉండే వైర్లు చవగ్గా దొరుకుతాయి. అదే లావు రాగితో పోలిస్తే వీటి నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉంటాయి. పోగును బ్లేడుతో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది. కొనేముందు ఓ చిన్న ముక్క అడిగి గీకి చూడటంలో నామోషీ ఏమీ లేదు.

ఇదంతా తెలిశాక కోఠీ దాకా ప్రయాణం అక్కర్లేదనిపిస్తుంది. నిజమే! కనిగిరిలాంటి ఊళ్లోని ఎలక్ట్రికల్‌ షాపులో ఐఎస్‌ఐ గుర్తున్న, సన్నటి పోగులు ఎక్కువగా ఉండే రెండు కోర్ల రాగి వైరు చాలు. బోరు మోటారుకు వేయగా మిగిలిన రాగి కేబుల్‌ ముక్క ఇంట్లో పడి ఉంటే అదీ పనికొస్తుంది. మూడు తీగల్లో రెండు కలిపితే సరి.

రెండు జాగ్రత్తలు మరిచిపోకూడదు. ఇంటి కరెంటు వైర్లున్న గొట్టంలో స్పీకరు వైరు దూర్చకూడదు. యాంప్లిఫయరు ప్లస్‌ నుంచి వచ్చే తీగ స్పీకరు ప్లస్‌కే వెళ్లాలి. రెండు స్పీకర్లలో ఒక్కదానికి తారుమారైనా తబలా గుమకం పలచబడిపోతుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

వలస కూలి డబ్బుతో కొన్న పెట్టె అది. వైరు దగ్గర మిగిలిన సొమ్ము మెరుగైన స్పీకరుకు కలిస్తే, ఆ తేడా మాత్రం ఎవరి చెవికైనా తెలుస్తుంది.